తగ్గించడం అంత తేలిక కాదు

ఎవరికీ అక్కర్లేదనిపించిన నాలుగు లైన్ల పాత కోడ్ తీసేసి, ఆ రాత్రంతా జాగారం చేసిన అనుభవం మా వృత్తిలో చాలామందికి ఉంటుంది. గొంతు కేన్సర్ వైద్య చరిత్ర చదువుతుంటే నాకదే గుర్తొచ్చింది. కాకపోతే అక్కడ పడిపోయేది సర్వర్ కాదు.

గొంతు కేన్సర్ అంటే మనకి చుట్ట, బీడీ, గుట్కా, మందు. ఆ లెక్క ఇక్కడ ఇప్పటికీ చాలావరకు నిజమే. కానీ 2000లో అమెరికాలో మౌరా గిలిసన్ బృందం, టాన్సిల్స్, నాలుక మొదలు దగ్గర వచ్చే కేన్సర్లు కొన్ని వేరే జాతివని చూపించింది. వాటి వెనక ఉన్నది హ్యూమన్ పాపిలోమా వైరస్, ముఖ్యంగా 16వ రకం. గర్భాశయ ముఖద్వార కేన్సర్లో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో పట్టుకున్నదీ దీన్నే. ఆయనకి 2008లో నోబెల్ వచ్చింది ఆ పరిశోధనకే.

2010లో మరో ఆశ్చర్యం. ఒకే రకం వైద్యం అందుకున్నవాళ్ళలో, మూడేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు వైరస్ ఉన్న గుంపులో 82.4 శాతం, లేని గుంపులో 57.1 శాతం. అంటే ఈ కేన్సర్ వైద్యానికి బాగా లొంగుతుంది.

మరి ఆ వైద్యం? ఏడు వారాల పాటు 70 గ్రే రేడియేషన్, తోడుగా సిస్‌ప్లాటిన్. నోరు ఎండిపోతుంది, ముద్ద దిగదు, కొందరికి వినికిడి పోతుంది. వైరస్ వల్ల ఈ జబ్బు వచ్చినవాళ్ళు మిగతావాళ్ళకంటే కాస్త చిన్న వయసువాళ్ళు. బతికితే ఆ ఎండిన నోటితోనే దశాబ్దాలు గడపాలి. అందుకే డాక్టర్లు న్యాయమైన ప్రశ్నే వేశారు: ఇంత అవసరమా?

సిస్‌ప్లాటిన్ బదులు సెటుక్సిమాబ్ ఇచ్చి చూశారు. 2018లో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలొచ్చాయి. అమెరికా, కెనడాల ట్రయల్‌లో ఐదేళ్ళ మనుగడ అంచనా పాత మందుతో 84.6 శాతం, కొత్తదానితో 77.9. యూరప్ ట్రయల్‌లోనూ పాత మందే గెలిచింది. పోనీ బాధ తగ్గిందా అంటే, మొత్తమ్మీద అదీ లేదు.

తర్వాత రేడియేషన్‌ని 60 గ్రేకి దించారు. ఒక గుంపుకి సిస్‌ప్లాటిన్, ఇంకో గుంపుకి ఇమ్యూనోథెరపీ మందు నివోలుమాబ్. 2024లో చెప్పిన ఫలితం: రెండేళ్ళకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు పాత పద్ధతిలో 98.1 శాతం, మిగతా రెండిట్లో 88.6, 90.3. ట్రయల్ అక్కడితో ఆపేశారు.

ఇప్పుడు చూపు రక్తంలో తిరిగే వైరస్ డీఎన్ఏ మీదకి మళ్ళింది. అందరికీ ఒకేలా తగ్గించకుండా, ఎవరికి తగ్గించొచ్చో దాంతో ముందే తెలుసుకోవాలన్నది ఆశ. అది తేలేదాకా ట్రయల్ బయట మందు తగ్గించొద్దనే డాక్టర్లు చెప్తున్నారు.

‘పాత పద్ధతే నయం’ అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ఆ ముక్క మనకి తెలియడానికి, తక్కువ వైద్యానికి ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళున్నారు. 98కీ 88కీ మధ్య తేడా వాళ్ళే.