పుట్టినిల్లు, మెట్టినిల్లు: బూట్‌లోడరు పనిముట్ల చరిత్ర

పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట నుండి 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఎగిరింది. అక్కడి ప్రయోగాలకు అదే నాంది. ఆనాడది నెల్లూరు జిల్లా. 2022 నుండి తిరుపతి జిల్లా. ఆ తీరం నుండే 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 బయలుదేరింది. స్పేడెక్స్ జంట ఉపగ్రహాల మూలంగా ఆ ప్రయోగాన్ని అందరూ ఎరుగుదురు. విక్రమ్-3201 అనే 32 బిట్ల స్వదేశీ ప్రాసెసరు అంతరిక్షంలో పరీక్షకు నిలిచినదీ ఆ ప్రయోగంలోనే.

ప్రాసెసరు ఉన్నంత మాత్రాన చాలదు. దానికి అర్థమయ్యే ఆదేశాలను తయారుచేసే పనిముట్లు కావాలి. విక్రమ్ ఆదేశాల పట్టిక ఇస్రో సొంతంగా రూపొందించుకున్నది. కనుక ఏడా కంపైలరు, అసెంబ్లరు, లింకరు, సిమ్యులేటరు అన్నీ ఇంటనే తయారయ్యాయి. దానికి తోడుగా వచ్చిన కల్పన-3201 స్పార్క్ వీ8 ప్రమాణాన్ని అనుసరిస్తుంది. అది ఓపెన్‌సోర్సు పనిముట్లతో పనిచేస్తుంది. దారి ఏదైనా కంపైలరు రాకెట్టులో ఎగరదు. నేలమీది వేరొక కంప్యూటరులో, వేరొక ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తుంది. ప్రోగ్రాముకు పుట్టినిల్లు ఒకటి, మెట్టినిల్లు మరొకటి.

రాకెట్టు సాఫ్ట్‌వేరును మనము తెరచి చూడలేము. ఈ సంబంధాన్ని ఎవరైనా చదువుకోగల చోటు యూ-బూట్. యంత్రానికి విద్యుత్తు అందగానే మేల్కొని, అసలు ఆపరేటింగ్ సిస్టంను జ్ఞాపకంలోకి తెచ్చే బూట్‌లోడరు అది. మాగ్నస్ డామ్ వ్రాసిన 8ఎక్స్ఎక్స్‌రామ్ దానికి మూలం. వుల్ఫ్‌గాంగ్ డెంక్ 1999లో దానిని సోర్స్‌ఫోర్జ్‌కు తరలించినప్పుడు, అంకెతో మొదలయ్యే పేర్లను అక్కడ ఒప్పుకోకపోవడంతో పీపీసీబూట్ అని మార్చవలసివచ్చింది. పలు జాతుల ప్రాసెసర్లను చేర్చుకొన్నాక 2002 నవంబరులో అది యూ-బూట్ అయింది.

దాని మూలంలో టూల్స్ అనే సంచి ఒకటున్నది. అందులోని ప్రోగ్రాములు మాత్రం పుట్టినింటి కంపైలరుతోనే తయారుకావాలి. వాటిలో ముఖ్యమైనది ఎంకేఇమేజ్. పాత పద్ధతిలో అది కెర్నల్ ముందు 64 బైట్ల శీర్షికను చేరుస్తుంది. పరిమాణము, జ్ఞాపకంలో దించవలసిన చిరునామా, సరిచూచుకొనే సంఖ్య మొదలైనవి అందులో ఉంటాయి. ఈ సంఖ్యలలో పెద్ద స్థానపు బైటు ముందుండాలి. ఇంటెల్ యంత్రాలలో చిన్న స్థానపు బైటు ముందుంటుంది. త్రిప్పి వ్రాయకపోతే మెట్టినింటివారు గుర్తుపట్టరు.

ఆపరేటింగ్ సిస్టం మారితే చిక్కులూ మారుతాయి. విండోస్‌లో ఫైలును బైనరీగా తెరవమని ప్రత్యేకంగా చెప్పకపోతే, పంక్తి ముగింపును పోలిన ప్రతి బైటు ముందూ మరొక బైటు వచ్చి చేరుతుంది; ఇమేజి పాడవుతుంది. మాక్‌లో లినక్స్‌కు సహజమైన కొన్ని హెడరు ఫైళ్ళు దొరకవు. పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా మాత్రమే ఉన్న రెండు ఫైళ్ళు మామూలుగా ఒక్కటే అవుతాయి. ఫ్రీబీఎస్‌డీలో మేక్ వేరు, గ్నూ మేక్ వేరు. అందుచేతనే బోర్డుతో నిమిత్తం లేకుండా పనిముట్లను మాత్రమే తయారుచేసుకొనే మార్గాన్ని యూ-బూట్ కల్పించింది. విండోస్‌లో దానికి ఎమ్‌సిస్2 తోడు కావాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, పుట్టినిల్లు మెట్టినింటికన్నా ముందే కూలిపోతుంది గనుక. 16 బిట్ల విక్రమ్-1601 మన రాకెట్లలో 2009 నుండి ఉన్నది. ఆనాడు ఊరూరా కనిపించిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ స్వస్తి పలికింది. 1601 మాత్రం 2016లో మొహాలీలో తయారైన చిప్పుగా మళ్ళీ సేవలో చేరింది. మెట్టినింట బిడ్డ క్షేమంగా ఉండగా, పుట్టినింట పొయ్యి ఆరితే కొత్త ఆదేశాన్ని పంపేదెవరు?

యూనికోడుకు ముందు ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేతాల వరుసతో తెలుగు టైపు చేసినవారికి ఈ బాధ కొత్తదికాదు. ఫైలు భద్రంగానే ఉంటుంది. చదివే సాధనము ఉండదు. స్వదేశీ చిప్పును లెక్కించేటప్పుడు, దాని పనిముట్లను రేపటి ఆపరేటింగ్ సిస్టం మీద మళ్ళీ తయారుచేసుకోగలమా అన్నదీ లెక్కలోకి రావాలి.