నీటి గుహలో ఊపిరి

వాననీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరగించి, అనేక వేల సంవత్సరాలలో గుహలను తొలుస్తుంది. అరకు చెంతనున్న బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఇట్లా ఏర్పడినవే. బెలుం గుహలలో పాతాళగంగ అనే నీటిపాయ కొంత దూరం కనబడి రాతిలో మాయమవుతుంది. అట్లా మాయమైన నీరు ఎక్కడికి పోతుంది? ఇట్టి ప్రశ్నే ఐరోపాలో కొందరు సాహసులను నీటితో నిండిన గుహలలోకి దించింది.

సముద్రంలో మునిగినవాడికి ఆపద వస్తే పైకి తేలే దారి ఉన్నది. గుహలో మునిగినవాడి తలపైన రాతికప్పు ఉంటుంది. వచ్చిన దారినే వెనుకకు పోవాలి. అంతవరకు అతని ప్రాణం వెంట తెచ్చుకొన్న గాలిపైననే ఆధారపడుతుంది. ఆ గాలి మనిషిని ఎట్లా మోసగిస్తుందో తెలుసుకోవడానికి కొందరు తమ శరీరాలనే ప్రయోగశాలలుగా చేసుకొన్నారు. వారిలో బ్రిటనుకు చెందిన హాల్డేన్ తండ్రీకొడుకులు ముఖ్యులు. కుమారుని జీవితకథ చివరకు మన కాకినాడకు చేరింది.

తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ బొగ్గుగనుల వాయువులను పరిశోధించారు. గని ప్రేలుళ్ళలో చాలామంది చనిపోయేది ప్రేలుడు దెబ్బకు కాదనీ, తరువాత వ్యాపించే కార్బన్ మోనాక్సైడు వలన అనీ 1896లో ఆయన నిరూపించారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆమ్లజని కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. ఇక ఆమ్లజనికి అక్కడ చోటు దొరకదు. మనిషి కంటె ముందుగా చిన్న పిట్ట సొమ్మసిల్లుతుంది కావున, గనిలోకి కెనరీ పిట్టను వెంట తీసుకుపొమ్మని ఆయన సలహా ఇచ్చారు.

గుహలోకి ఏ పిట్టను తీసుకుపోగలరు? 1946 ఆగస్టు 27న దక్షిణ ఫ్రాన్సులోని వోక్లూజ్ ఊటలోకి నౌకాదళానికి చెందిన కూస్తో, ఆయన సహచరుడు ద్యూమా దిగారు. నడుముకు తాడు, వీపున గాలి సిలిండర్లు ఉన్నవి. సుమారు 46 మీటర్ల లోతున ఇద్దరికీ మనస్సు మసకబారింది. ద్యూమా స్పృహ తప్పే స్థితికి వచ్చారు. కూస్తో తాడు లాగి చేసిన సంజ్ఞను పైనున్నవారు తప్పుగా గ్రహించి, తాడును ఇంకా వదిలారు. చివరకు ఎట్లాగో ఇద్దరినీ పైకి లాగి బ్రతికించారు. కారణమేమి? సిలిండర్లలోని గాలిని పరీక్షించగా అందులో కార్బన్ మోనాక్సైడు ఉన్నది! సిలిండర్లు నింపిన యంత్రం తన పొగను తానే పీల్చి వాటిలోకి ఎక్కించింది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. కావున గట్టుమీద అంతగా హాని చేయని విషం, ఆ లోతున అయిదారు రెట్లు బలం పుంజుకొన్నది. యంత్రం చెడినది నీటిలో కాదు, గట్టుమీదనే.

ఇట్టి పాఠమే అంతకు ఏడేళ్ళ క్రితం మరియొక రూపంలో వచ్చింది. 1939 జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో ‘థెటిస్’ అనే కొత్త జలాంతర్గామిని పరీక్షకు దించారు. టార్పెడో గొట్టంలో నీరున్నదో లేదో తెలిపే చిన్న రంధ్రం రంగు పూసినప్పుడు పూడుకుపోయింది. నీరు కనబడలేదు కనుక గొట్టం తలుపు తెరిచారు. సముద్రం లోపలికి దూకింది. ఉన్న 103 మందిలో బ్రతికి బయటపడినవారు నలుగురే.

మిగిలినవారు ఎందుకు తప్పించుకోలేకపోయారో తెలుసుకోవడానికి కార్మిక సంఘాల పక్షాన కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్ పూనుకొన్నారు. కొందరు స్వచ్ఛంద సేవకులతో కలిసి ఆయన మూసిన ఉక్కుగదిలో గంటలకొద్దీ కూర్చొన్నారు. తాము వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు పెరిగినకొద్దీ ఆయాసం, తలనొప్పి వచ్చినవి, ఆలోచన మందగించింది. తప్పించుకొనే సాధనాన్ని సరిగా వాడవలసిన వేళకే దానిని వాడే బుద్ధి సన్నగిల్లుతుందన్నమాట.

మరి స్వచ్ఛమైన ఆమ్లజని మాటేమిటి? అధిక పీడనంలో అదీ విషమేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లోనే చెప్పారు. యుద్ధకాలంలో హాల్డేన్ ఆ స్థితిని తమపైననే పరీక్షించుకొన్నారు. ఒకసారి వచ్చిన మూర్ఛలో ఆయన వెన్నుపూస దెబ్బతిన్నది. ఆమ్లజనిని మాత్రమే పీల్చేవాడు సుమారు 10 మీటర్ల లోతు దాటరాదని ఆ కాలపు ప్రయోగాల వలన తేలింది.

ఇంగ్లండులోని వూకీ హోల్ గుహలో 1935లో బాల్కోంబ్, షెప్పర్డ్ లోహపు టోపీల దుస్తులతో, పైనుంచి పంపు కొట్టిన గాలితో దిగారు. యుద్ధం తరువాత వచ్చినవారు ఆమ్లజని సాధనాలు వాడారు. 1949లో ఆ గుహలోనే ఒక గజ ఈతగాడు మరణించాడు.

ఇన్ని ఆపదల నుంచి పుట్టినవే నేటి నియమాలు. అమెరికాకు చెందిన షెక్ ఎక్స్‌లీ అనేక మరణాలను పోల్చి చూచి 1979లో వాటిని పుస్తకంగా వ్రాశారు. వెలుపలి నుంచి తెగకుండా సాగే దారిత్రాడు పట్టుకొని పోవాలి. తెచ్చుకొన్న గాలిలో మూడవవంతు పోవడానికి, మూడవవంతు రావడానికి; మిగిలిన మూడవవంతు ఆపదకు. దీపాలు మూడు ఉండాలి. మితిమీరిన లోతు కూడదు. ఇవి వ్రాసిన ఎక్స్‌లీ 1994లో మెక్సికోలో అతిలోతైన ఒక నీటిగుంటలో ప్రాణం విడిచారు. నియమం అనుభవశాలినైనా విడిచిపెట్టదు.

ఈ నియమాలన్నిటి వెనుక ఒకే సూత్రం ఉన్నది. సాధనం చెడినప్పుడు దానితోపాటు మనిషి తెలివీ చెడవచ్చు. కావున నిర్ణయాలు నీటిలో తీసుకొనేవి కావు. గాలిని పరీక్షించడం, సంజ్ఞలు కుదుర్చుకోవడం, వెనుదిరిగే హద్దు గీసుకోవడం గట్టుమీద, తెలివి తేటగా ఉన్నప్పుడే జరగాలి.

జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు, పౌరసత్వమూ స్వీకరించారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో మరణించారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఉక్కుగదిలో ఇతరుల ప్రాణరక్షణ కోసం కష్టపడిన ఆ శరీరం, చివరకు తెలుగు విద్యార్థులకు పాఠమైనది.