క్లినికల్ ట్రయల్స్‌లో స్త్రీలు

కొత్త మందు వాడకంలోకి రాకముందు దాన్ని మనుషులపై పరీక్షించడమే క్లినికల్ ట్రయల్. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగే ఇలాంటి పరిశోధనల్లో స్త్రీలను చేర్చి తీరాలన్న చట్టం 1993లో గాని రాలేదు. అంతవరకు వారిని దూరం పెట్టింది వారి క్షేమం పేరు చెప్పే.

మందు వల్ల పుట్టబోయే బిడ్డలకు హాని జరుగుతుందన్న భయమే దీనికి కారణం; ఆ భయానికి మూలం థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఈ మందును గర్భిణులు వేవిళ్లకు వాడారు. 1961 చివర్లో అక్కడ అమ్మకాలు ఆపేలోగా పలు దేశాల్లో వేలమంది శిశువులు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో ఫ్రాన్సెస్ కెల్సీ అనుమతి ఇవ్వకుండా పట్టుబట్టడంతో ఆ దేశం చాలావరకు తప్పించుకుంది. 1977లో అదే సంస్థ, బిడ్డను కనగల వయసు స్త్రీలను తొలి దశ ట్రయల్స్‌లోకి తీసుకోవద్దంది. గర్భనిరోధకాలు వాడేవారినీ, భర్తకు వేసెక్టమీ అయినవారినీ సైతం వదల్లేదు. మందును ముందే గట్టిగా పరీక్షించాలన్నది థాలిడోమైడ్ చెప్పిన పాఠం కాగా, స్త్రీలపై అసలు పరీక్షించకపోవడం దానికి విరుగుడైంది!

పరిశోధనల్లో స్త్రీలు లేకపోతే ఏమవుతుందో ఆస్పిరిన్ విషయంలో కనిపిస్తుంది. ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందా అని చూసిన ప్రసిద్ధ అధ్యయనంలోని 22,071 మంది డాక్టర్లూ మగవారే. వారిలో తొలి గుండెపోటు ముప్పు 44 శాతం తగ్గిందని 1989లో తేలింది. 39,876 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితం 2005 దాకా రాలేదు. వారిలో మొత్తమ్మీద గుండెపోట్లు తగ్గలేదు, పక్షవాతం మాత్రం 17 శాతం తగ్గింది. మోతాదులు వేరు గనుక రెండింటినీ సూటిగా పోల్చలేం. అయినా మగవారి ఫలితాన్ని ఆడవారికి అంటగట్టకూడదని అర్థమైంది.

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు తొలి మహిళా అధిపతి అయిన హృద్రోగ నిపుణురాలు బెర్నడీన్ హీలీ, నెలసరి ఆగిన స్త్రీల ఆరోగ్యంపై భారీ పరిశోధనకు శ్రీకారం చుట్టారు. 1993 చట్టం ఖర్చు ఎక్కువన్న సాకును కూడా ఒప్పుకోలేదు. అదే ఏడాది ఎఫ్‌డీఏ తన పాత ఆంక్షను ఎత్తేసింది. నిద్రమాత్ర జోల్పిడెమ్ స్త్రీల శరీరం నుంచి నెమ్మదిగా పోతుందని చెప్పి, వారి మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమన్నది మాత్రం 2013లో. అప్పటికి ఆ మాత్ర అమెరికా మార్కెట్లోకి వచ్చి దాదాపు ఇరవై ఏళ్లయింది.

గర్భిణుల విషయంలో వెనుకబాటు ఇంకా ఉంది. 2020లో కోవిడ్ టీకాల ప్రధాన ట్రయల్స్‌లో వారిని చేర్చుకోలేదు. భారతదేశంలో టీకా కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైతే, గర్భిణులకు అనుమతి జూలైలో వచ్చింది.