ఉత్తరాన పుట్టి దక్షిణానికి పోయిన పేరు

పెంగ్విన్ అనగానే చిన్నపిల్లలు కూడా మంచు, అంటార్కిటికా అంటారు. ఆ పేరు వాడుకలోకి వచ్చిన నాటికి అంటార్కిటికాను కంటితో చూసిన నావికుడే లేడు. అది మొదట ఉత్తర అట్లాంటిక్‌లో బతికిన మరో పక్షి పేరు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, కంటికీ ముక్కుకీ మధ్య కోలగా ఓ తెల్ల మచ్చ, ఎగరడానికి అక్కరకు రాని పొట్టి రెక్కలు. సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తు, 5 కిలోల బరువు. ఏడాదికి ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా వట్టి రాతి మీద. ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు దాన్ని గ్రేట్ ఆక్ అంటారు. రూపంలో ఎంత పోలిక ఉన్నా దక్షిణాది పెంగ్విన్లతో దానికి చుట్టరికం లేదు.

కెనడా తూర్పున న్యూఫౌండ్‌లాండ్ తీరానికి దూరంగా ఫంక్ అనే చిన్న రాతి దీవి ఉంది. 1534లో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే మనుషులు అక్కడ దిగి, అరగంట తిరక్కుండానే రెండు పడవలు ఈ పక్షులతో నింపారు. తిన్నన్ని తిని, మిగిలినవి ఉప్పు వేసి పీపాల్లో పెట్టుకున్నారు. 1578లో ఆంథొనీ పార్క్‌హర్స్ట్ అనే బ్రిస్టల్ వర్తకుడు రాసిన ఉత్తరంలో పెంగ్విన్ అన్న మాట పక్షికీ, అది ఉండే దీవికీ కూడా కనిపిస్తుంది. ఓడకూ ఒడ్డుకూ నడుమ పలక వేసి, ఎన్ని కావాలంటే అన్నిటిని లోపలికి తోలుకోవచ్చని, ఒక్కోదానిలో పెద్దబాతు కంటే ఎక్కువ మాంసం ఉంటుందని అందులో రాశాడు. పక్షి వర్ణనలాగా కాదు, సరుకు జాబితాలాగా ఉంటుంది ఆ ఉత్తరం.

అదే 1578లో ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడలు దక్షిణ అమెరికా కొసన మాజెల్లాన్ జలసంధి చేరాయి. అక్కడి దీవుల మీద ఎగరలేని, నిటారుగా నడిచే నలుపు తెలుపు పక్షులు కనిపించాయి. ఒక్క రోజులో మూడు వేలకు తక్కువ కాకుండా చంపామని ఓడలోని మతగురువు ఫ్లెచర్ రాసుకున్నాడు. అంతకు ముందు 1520లో మాజెల్లాన్ వెంట వెళ్ళిన పిగఫెట్టా వాటిని పెద్దబాతుల లెక్కలో వేశాడు. ఇంగ్లీషు నావికులు మాత్రం పెంగ్విన్ అనేశారు. ఉత్తరాది చేపల వేటలో నోటికి అలవాటైన మాటే ఇక్కడా పనికొచ్చిందని నా ఉద్దేశం.

ఆ మాట ఎక్కడిదన్న తగవు ఇంకా తెగలేదు. వేల్స్ భాషలో పెన్ అంటే తల, గ్విన్ అంటే తెలుపు. ఫ్లెచర్ కూడా ఇది వేల్స్‌వాళ్ళు పెట్టిన పేరేనన్నాడు. చిక్కల్లా పక్షి తల నల్లగా ఉండటమే. ముఖం మీది మచ్చను చూసి అలా అన్నారని కొందరు సర్దిచెబుతారు. పెన్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము అనే అర్థమూ ఉంది కాబట్టి, రెట్టతో తెల్లబడిన దీవికి ముందు పేరొచ్చి, తర్వాత పక్షికి అంటుకుందని మరికొందరి వాదన. నాకు ఇదే సబబుగా తోస్తుంది. కొవ్వు పట్టిన అనే అర్థమున్న లాటిన్ మాట పింగ్విస్ నుంచి వచ్చిందన్న వివరణ 1605లో క్లూసియస్ అనే పండితుడి గ్రంథంలో ఉంది. కానీ పలక వేసి పక్షులను తోలుకునే మనుషులు లాటిన్‌లో పేర్లు పెట్టారంటే నమ్మబుద్ధి కాదు.

ఈ తెల్లతల అర్థాన్ని రాజకీయానికీ వాడుకున్నారు. 1170 ప్రాంతంలో మాడోక్ అనే వేల్స్ రాకుమారుడు అట్లాంటిక్ దాటి అమెరికా చేరాడని ఒక కథ. 1583లో సర్ జార్జ్ పెకమ్ అనే ఇంగ్లీషువాడు తన పుస్తకంలో ఈ పక్షి పేరునే దానికి సాక్ష్యంగా చూపించాడు. అక్కడి పక్షికి వేల్స్ పేరుంది గనుక కొలంబస్ కంటే మూడు వందల ఏళ్ళ ముందే మనవాళ్ళు వెళ్ళారు, ఆ నేల స్పెయిన్‌ది కాదు, మన రాణిది అని వాదం. తినడానికి పట్టుకొచ్చిన పక్షి పేరు మీద ఒక ఖండానికే పట్టా అడిగారన్నమాట!

పక్షికి మాత్రం ఆ పేరు కలిసిరాలేదు. మాంసం తర్వాత ఈకల కోసం వేట మొదలైంది. ఫంక్ దీవిలో కట్టెలు దొరకవు. ఈకలు ఊడడానికి నీళ్ళు కాచాలంటే, కొవ్వున్న ఆ పక్షుల శరీరాలనే పొయ్యిలో పెట్టేవారు. ఇలాగే సాగితే జాతే మిగలదని 1785లో జార్జ్ కార్ట్‌రైట్ అనే వర్తకుడు హెచ్చరించాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. 1800 ప్రాంతానికి ఆ దీవి ఖాళీ అయింది. 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవి మీద చివరి జంటను గొంతు నులిమి చంపారు; పక్షుల సేకర్తలు డబ్బిస్తామన్నారు మరి. వాటి శరీరభాగాలు నేటికీ కోపెన్‌హాగన్ మ్యూజియంలో ఉన్నాయి.

లోకం పేరును దక్షిణాది పక్షులకు ఇచ్చేసినా శాస్త్రం అసలు హక్కుదారుకే ఉంచింది: గ్రేట్ ఆక్ శాస్త్రీయ నామం పింగ్వినస్ ఇంపెన్నిస్. ఫ్రెంచిలోనూ దక్షిణాది పెంగ్విన్ మాన్షో. పాంగ్వాఁ అనేది గ్రేట్ ఆక్‌కు దగ్గరి చుట్టమైన, ఎగరగలిగే ఓ చిన్న పక్షి పేరు. వేల్స్ భాషకు సోదర భాష మాట్లాడే బ్రిటనీ తీరంలో, సెట్-ఈల్ దీవుల రాళ్ళ మీద అది ఇప్పటికీ గుడ్లు పెడుతోంది.