ఒక్క ఎన్నిక చూసిన పెనుకొండ లోక్‌సభ స్థానం

పెనుకొండ లోక్‌సభ నియోజకవర్గం ఆయుష్షు ఒక్క ఎన్నిక. 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో అది మద్రాసు రాష్ట్రంలోని ఒక స్థానం. 1957లో రెండో ఎన్నికలు వచ్చేసరికి జాబితాలో లేదు. అనంతపురం జిల్లా దక్షిణాది తాలూకాల వాళ్లు అప్పటినుంచి హిందూపురం పేరు మీద ఢిల్లీకి సభ్యుణ్ని పంపుతున్నారు. గోదావరి జిల్లాల్లో వాసవీ కన్యక కథతో ముడిపడిన పెనుగొండ వేరు, ఇది వేరు. ఇక్కడి జనం నోట కూడా ‘క’ కాస్తా ‘గ’ అయిపోతుంది కాబట్టి కొత్తవాళ్లు రెంటినీ కలిపేసుకోవడం మామూలే.

మొదటిసారి హద్దులు గీసినప్పుడు పెనుకొండ పేరే పెట్టడంలో ఆశ్చర్యం లేదు. విజయనగర రాజుల కాలం నుంచీ ఆ సీమకు అది పెద్దదిక్కు. తొలి బుక్కరాయల కొడుకు వీరవిరూపణ్ణ ఏలిన కోట అది. 1565లో జరిగిన యుద్ధంతో హంపీ పాడుపడ్డాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడు. పదహారో శతాబ్దం చివర్లో వెంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి తరలిపోయింది. కొండ, కోట, గగన్‌మహల్ మిగిలాయి. ఆ శిథిలాల మీదే పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్న వయసులో ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తరువాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, తాను రాసిన ఆ పుస్తకాన్నే పాఠంగా చదవాల్సి వచ్చింది. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి అప్పగించాడు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరిచారు. కచేరీల లెక్కలో పెనుకొండ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. రాజధాని పోయినా దొరతనం పూర్తిగా పోలేదన్నమాట.

కరువు సీమలో నియోజకవర్గం అంటే విస్తీర్ణం. అప్పటి రాజ్యాంగం లెక్క ప్రకారం ఐదు లక్షల నుంచి ఏడున్నర లక్షల జనాభాకు ఒక లోక్‌సభ సభ్యుడు ఉండాలి. డెల్టాలో ఆ జనం దగ్గరదగ్గర ఊళ్లలోనే దొరుకుతారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం పీఠభూమిలో మాత్రం గుట్టలూ బీళ్లూ దాటుకుంటూ ఊరూరా ఏరుకోవాలి. జనం లెక్కనే సీట్లు పంచితే తమ మాట చెల్లదన్న బెంగ రాయలసీమకు అంతకుముందు నుంచే ఉంది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందంలో శాసనసభ సాధారణ స్థానాలను జిల్లాలకు సమానంగా పంచాలన్న షరతు అందుకే చేరింది. ఒప్పందం మీద సంతకం పెట్టినవారిలో అనంతపురం జిల్లా నాయకులు కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు ఉన్నారు. స్వతంత్ర భారతంలో ఆ షరతు నిలవలేదు, జనాభాయే కొలబద్ద అయింది.

1952 జనవరిలో పోలింగు జరిగే నాటికి సీమలో వానలు వరసగా ఎగ్గొడుతున్నాయి. గంజి కేంద్రాల ముందు బారులు తీరిన రోజులవి. ఓటేసే పద్ధతి కూడా ఇప్పటిది కాదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద అతని గుర్తు. ఓటరు చీటీ మీద ముద్ర వేసే పని లేదు, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి వచ్చేయడమే. చదువురాని పల్లెలకు ఇంతకంటే తేలికైన ఉపాయం దొరకడం కష్టం.

పెనుకొండలో గెలిచిన గుర్తు గుడిసె. అది కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీది. కాంగ్రెసు మీద అలిగి బయటికొచ్చిన ఆచార్య కృపలానీ 1951లో పెట్టిన పార్టీ అది. ఆంధ్రలో దానికి పెద్ద అండ టంగుటూరి ప్రకాశం. దేశమంతటా కాంగ్రెసు 489 స్థానాల్లో 364 గెలిస్తే, కృపలానీ పార్టీకి తొమ్మిదే వచ్చాయి. ఆ తొమ్మిదిలో ఒకటి పెనుకొండ, సభ్యుడు కె.ఎస్. రాఘవాచారి. జిల్లా మొత్తంగా చూసినా అది కాంగ్రెసుకు కలిసొచ్చిన ఏడాది కాదు. అనంతపురం శాసనసభ స్థానంలో కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి తన సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించారు.

లోక్‌సభ చర్చల ప్రతుల్లో సభ్యుడి పేరు పక్కన కుండలీకరణాల్లో నియోజకవర్గం పేరు వేస్తారు. అలా ఐదేళ్లపాటు రాఘవాచారి పక్కన పెనుకొండ అచ్చయింది. ఆ ఐదేళ్లలో సభ్యుడు మారలేదు గానీ చుట్టూ ఉన్నదంతా మారింది. గెలిచిన ఏడాదిలోనే ఆయన పార్టీ సోషలిస్టులతో కలిసిపోయి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్లారి జిల్లాను మైసూరుకూ ఆంధ్రకూ పంచినప్పుడు రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలో చేరింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పెనుకొండ ఓటరు ఒక్కసారే పెట్టెలో చీటీ వేశాడు, ఆ చీటీతో గెలిచిన సభ్యుడు వరసగా మూడు రాష్ట్రాల తరఫున సభలో కూర్చున్నాడు. చెన్నపట్నానికి రాసుకున్న అర్జీలు కర్నూలుకు, అక్కణ్నుంచి హైదరాబాదుకు తిరిగిన కాలమది.

తొలి ఎన్నికల హద్దులు రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడ్డవి. వాటిని తిరగగీయడానికి 1952లో చట్టం చేసి, జస్టిస్ ఎన్. చంద్రశేఖర అయ్యర్ అధ్యక్షతన పునర్విభజన సంఘాన్ని నియమించారు. కొత్త హద్దులతో జరిగిన 1957 ఎన్నికల్లో జిల్లా స్థానాలు అనంతపురం, హిందూపురం. ఊళ్ల బలాబలాలు తెలిసినవారికి ఈ మార్పు వింత కాదు. గుంతకల్లు–బెంగళూరు రైలుమార్గం రెండు ఊళ్ల మీదుగానూ పోతుంది. కానీ మైసూరు సరిహద్దును ఆనుకుని ఉన్న హిందూపురం బెల్లానికీ చింతపండుకూ పెద్ద సంతగా ఎదిగింది. మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి పేరు మీద కట్టించాడని చెప్పుకునే ఆ ఊరికి రాయల చరిత్ర లేదు, మండీలు ఉన్నాయి. కోట ఊరిని సంత ఊరు దాటేసింది.

1957లో హిందూపురం నుంచి కాంగ్రెసు అభ్యర్థి కె.వి. రామకృష్ణారెడ్డి గెలిచారు, 1962లోనూ ఆయనే. పక్కనున్న అనంతపురం 1957లో నాగిరెడ్డిని లోక్‌సభకు పంపింది. 1967లో హిందూపురం నుంచి గెలిచింది సంజీవరెడ్డి. ఆ ఏడాది మార్చిలో ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు, అవుతూనే పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. పదిహేనేళ్ల కిందట సొంత జిల్లాలో శాసనసభకు ఓడిన మనిషికి అదే జిల్లా దక్షిణాది ఓటర్లు దారిచ్చారు.

పెనుకొండ పేరు మాత్రం చెరిగిపోలేదు, ఒక మెట్టు దిగి శాసనసభ స్థానంగా మిగిలింది. 2008 పునర్విభజనలో గోరంట్ల, నల్లమాడ శాసనసభ స్థానాలు పోయి పుట్టపర్తి, రాప్తాడు వచ్చాయి. అప్పుడు కూడా పెనుకొండ నిలిచింది. రాప్తాడు, మడకశిర, హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి, ధర్మవరం, కదిరి – ఈ ఏడూ ఇప్పుడు హిందూపురం లోక్‌సభ స్థానం కింద ఉన్నాయి.  

ఓట్లు లెక్కపెట్టడానికి గీసిన గీత 2022 ఏప్రిల్ 4న జిల్లా సరిహద్దయింది. లోక్‌సభ స్థానాలను ఆధారం చేసుకుని 13 జిల్లాలను 26 చేసినప్పుడు, హిందూపురం స్థానం దాదాపుగా శ్రీ సత్యసాయి జిల్లా అయింది. జిల్లా కేంద్రం మాత్రం పుట్టపర్తికి దక్కింది. హిందూపురంలో నిరసనలు జరిగాయి, ఫలితం లేకపోయింది. ఒకప్పుడు పెనుకొండ పేరును పక్కకు నెట్టిన ఊరికి ఈసారి తన వంతు వచ్చింది. రాప్తాడు శాసనసభ స్థానం రెండు జిల్లాల మధ్య చీలింది. రామగిరి, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి మండలాలవాళ్లు కలెక్టరు కచేరీకి పుట్టపర్తి వెళ్తారు. రాప్తాడు, ఆత్మకూరు మండలాలవాళ్లు అనంతపురం వెళ్తారు. ఎంపీ ఓటు మాత్రం అందరిదీ హిందూపురానికే.