చలన రేఖాపటాలు

ఒక వస్తువు చలనం కాలంతోపాటు ఎట్లు మారుచున్నదో చూపే గీతలను భౌతిక శాస్త్రంలో చలన రేఖాపటాలు లేదా చలన గ్రాఫులు అంటారు. వీటిలో కాలాన్ని అడ్డ అక్షంపైన, స్థానం, వేగం, త్వరణాలలో ఒకదానిని నిలువు అక్షంపైన గుర్తిస్తారు.

చరిత్ర

14వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరెం మారుతున్న వేగాన్ని జ్యామితి పటాలుగా చూపాడు. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి పటంతోనే సమత్వరణ చలనాన్ని వివరించాడు. 19వ శతాబ్దంలో ఐరోపా రైల్వేలు రైళ్ళ రాకపోకలను స్థానం–కాలం గీతలుగా గీయసాగాయి.

స్థానం–కాలం గ్రాఫు

ఈ గ్రాఫులో గీత వాలు వేగాన్ని తెలుపుతుంది. విజయవాడ–గూడూరు రైలుమార్గంలో చీరాల, ఒంగోలు మధ్య దూరం సుమారు 50 కి.మీ. ఒక రైలు ఈ దూరాన్ని సమవేగంతో ఒక గంటలో దాటితే, గీత వాలు గంటకు 50 కి.మీ. అవుతుంది.

* గీత ఏటవాలు పెరిగితే వేగం ఎక్కువ.
* గీత అడ్డంగా ఉంటే రైలు ఆగి ఉన్నది.
* గీత కిందికి దిగితే రైలు చీరాల వైపు తిరిగి వస్తున్నది, వేగం ఋణాత్మకం.
* ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళ గీతలు ఖండించుకొన్న బిందువు, అవి ఎప్పుడు, ఎక్కడ ఎదురుపడతాయో తెలుపుతుంది.

గ్రాఫు దారి యొక్క బొమ్మ కాదు. ఈ తీర మైదానంలో పట్టాలు దాదాపు సమతలంగా ఉంటాయి. అయినా గీత పైకి లేస్తుంది. పైకి లేచే గీతను ఎత్తు ఎక్కుతున్న బండిగా భావించడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

వేగం–కాలం గ్రాఫు

ఇందులో గీత వాలు త్వరణాన్ని, గీత కింది వైశాల్యం స్థానభ్రంశాన్ని ఇస్తాయి. ఇక్కడ అడ్డగీతకు అర్థం ఆగి ఉండడం కాదు, సమవేగం.

ఉదాహరణకు, గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలతో వెళ్ళే ఒక లారీ వేగం గంటకు 72 కి.మీ., అనగా సెకనుకు 20 మీటర్లు అనుకొందాం. ఎదురుగా ట్రాక్టరును చూసి డ్రైవరు బ్రేకు తొక్కడానికి 1 సెకను పడుతుంది. తరువాత ప్రతి సెకనుకు వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గి, 4 సెకన్లలో లారీ ఆగుతుంది.

* దీర్ఘచతురస్ర వైశాల్యం: 20 × 1 = 20 మీటర్లు
* త్రిభుజ వైశాల్యం: ½ × 4 × 20 = 40 మీటర్లు
* మొత్తం: 60 మీటర్లు

అదే లారీ గంటకు 36 కి.మీ. వేగంతో వెళ్తుంటే 10 + 10 = 20 మీటర్లలోనే ఆగుతుంది. వేగం రెట్టింపయితే త్రిభుజం పొడవు, ఎత్తు రెండూ రెట్టింపవుతాయి. కనుక బ్రేకు వేసిన తరువాత సాగే దూరం నాలుగు రెట్లవుతుంది. ట్రాక్టరు 40 మీటర్ల దూరంలో ఉంటే మొదటి లారీ ఢీకొంటుంది, రెండవది ముందుగానే ఆగుతుంది.

త్వరణం–కాలం గ్రాఫు

ఇందులో గీత కింది వైశాల్యం వేగంలోని మార్పును ఇస్తుంది. పై లారీకి బ్రేకు వేసిన కాలంలో ఈ గీత అక్షానికి దిగువన, ఋణ 5 వద్ద అడ్డంగా ఉంటుంది. కావున గ్రాఫును చదివేటప్పుడు మొదట నిలువు అక్షంపై ఏ రాశి ఉన్నదో చూడవలెను.