పింజ పొడవునకు విలువ

వికారాబాదు, తాండూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో కందితోబాటు ప్రత్తియు పండును. ప్రత్తి కొనువాడు గుప్పెడు తీసికొని, గింజనుండి దూది లాగి, పింజను వ్రేళ్లనడుమ సాగదీసి చూచును. రైతు యేడాది కష్టమునకు వెల కట్టుటలో నా పొడవొక ముఖ్యమైన కొలత. పింజ పొడవున కింతటి గౌరవ మెట్లు కలిగెను?

దారమనగా సన్నని పింజలు మెలిపడి యొండొంటిని పట్టుకొని యుండుటయే. పింజ పొడుగైనచో పొరుగు పింజలతో నెక్కువ మేర పెనవేసికొనును. అందుచే నూలు సన్నగా వడికినను తేలికగా తెగదు. కొసలు తక్కువగుటచే బట్టపై నూగు తక్కువగా లేచును. పొట్టిపింజకు మెలిక యెక్కువ కావలెను. మిల్లునూలు మోటుగా నుండును. 1974లో కోయంబత్తూరున రూపొందిన సువిను రకము పేరొందుటకు కారణ మిదియే. దాని పింజకు పొడవేగాక సన్నదనమును, బలమును గూడ కలవు.

అయినను పొట్టిపింజ పనికిమాలినదని తలపరాదు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో స్త్రీలు దేశవాళి కొండప్రత్తిని వాలుగచేప దవడతో శుభ్రపఱచి, నూరవ నెంబరు నూలు వడికిరి. చేతివ్రేళ్లు పింజ తీరెఱిగి మెలికను సవరించుకొనగలవు. యంత్రమునకా యోర్పు లేదు.

1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమువలన లంకాషైరు మిల్లులకు అక్కడి ప్రత్తి కఱవయ్యెను. అవి హిందూదేశపు ప్రత్తి నాశ్రయించినవి. అమెరికా పింజకు దగినట్లమర్చిన యంత్రములలో మన పొట్టిపింజ మాటిమాటికి తెగుచుండెను. 'సూరతు' అను మన ప్రత్తి పేరే యచటి పనివారి నోట నిందావాచక మయ్యెను. 1874లో వికారాబాదు, తాండూరు మీదుగా వాడికి రైలుమార్గ మేర్పడి, యీ సీమ బొంబాయి మార్గముతో కలిసెను. క్రమముగ మిల్లు కొలతయే పొలమునకు శాసనమయ్యెను. దేశవాళి విత్తులు తొలగెను. అమెరికా జాతి సంకరములును, 2002 తరువాత బీటీ విత్తులును వాని చోటు నాక్రమించినవి.

ఆ కొలత నేడు ప్రభుత్వపు ధరలోను గలదు. 2025–26 సంవత్సరమునకు కేంద్రము క్వింటాలు మధ్యమ పింజకు 7,710 రూపాయలును, పొడుగుపింజకు 8,110 రూపాయలును మద్దతు ధరగా నిర్ణయించెను. పది క్వింటాళ్లు పండించిన రైతునకు 4,000 రూపాయల తేడా!

ఈ తేడా విత్తనము వలననే రాదు. పూవు విచ్చినది మొదలు సుమారు మూడు వారములు పింజ సాగును. ఆ దినములలో వాన మొగము చాటువేసినచో పింజ కుఱుచబారును. వర్షాధారపు రైతు మంచి విత్తు నాటియు తక్కువ వెలకే యమ్ముకొనవలసి వచ్చును. మిల్లులు పొడుగుపింజను కోరుట న్యాయమే. కాని యా మూడు వారముల తడికి చెఱువునో, నీటిగుంటనో చూపక విత్తనమును మాత్రమే పొగడుట, రైతునకు సగము మాట చెప్పుటయే యగును.